తానాషా కాలపు నక్షత్రం, హైదరాబాదు బెలూనులు

అబుల్ హసన్ తానాషా 1672లో గోలకొండ గద్దెనెక్కాడు. పదిహేనేళ్లు తిరిగేసరికి, 1687లో, కోట ఔరంగజేబు సేనల వశమైంది. ఈ నడిమి కాలాన్ని తెలుగువారు రెండు కారణాలచేత మరువలేరు. ఒకటి అక్కన్న మాదన్నల మంత్రిత్వం, రెండవది భద్రాచల రామదాసు చెరసాల. ఇంచుమించు ఆ కాలంలోనే ఉత్తరాకాశంలో, పాశ్చాత్యులు కాసియోపియా అనీ మనవారు శర్మిష్ఠ అనీ పిలిచే నక్షత్రమండలంలో, ఒక మహానక్షత్రం పేలిన వెలుగు భూమిని చేరింది. ఆ నక్షత్రం మనకు సుమారు 11,000 కాంతి సంవత్సరాల దూరాన ఉన్నది కనుక అసలు పేలుడు అంతకు ఎంతో ముందే జరిగిపోయింది. వార్త మాత్రం తానాషా నాటికి అందింది. అయినా ఆ వార్తను అందుకున్నవారు లేరనే చెప్పాలి. గోలకొండలోనే కాదు, లండనులోనూ, పెకింగులోనూ దానిని చూశామని నిస్సందేహంగా చెప్పిన సాక్షి లేడు. 1680లో ఆంగ్ల జ్యోతిర్వేత్త ఫ్లామ్‌స్టీడ్ తన పట్టికలో వ్రాసుకొన్న ఒక చిన్న తార అదే కావచ్చునని కొందరు ఊహించారు, అంతే.

చూడకుండా జారవిడుచుకొన్న ఆ నక్షత్రపు శిథిలాన్ని ఈనాడు కాసియోపియా-ఎ అంటారు. 1948లో మార్టిన్ రైల్, గ్రాహం స్మిత్ అనే కేంబ్రిడ్జి పరిశోధకులు దానిని రేడియో తరంగాల ద్వారా గుర్తించారు. సౌరకుటుంబానికి ఆవల మనకు అతి ప్రకాశవంతంగా వినిపించే రేడియో కేంద్రాలలో అది అగ్రగణ్యం. 'వినిపించే' అని తెలిసే వ్రాశాను, కంటికి అది కనబడదు.

ఇటువంటి పేలుళ్లకు మన చరిత్రతో కాలసామ్యం కల్పించుకోవడం నాకు అలవాటైన వినోదం. 1054 జూలైలో వృషభరాశిలో వెలిగి, ఇరవై మూడు రోజులు పట్టపగలు కూడ కనబడినట్లు చీనా చరిత్రకారులు నమోదు చేసిన 'అతిథి నక్షత్రం' కాలానికి రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడు ఏలుతున్నాడు. అంటే అది నన్నయభట్టు కాలం. దాని అవశేషమే పీత నీహారిక. 1572లో టైకో బ్రాహీ చూసిన నక్షత్రం నాటికి గోలకొండలో ఇబ్రహీం కుతుబ్‌షా, మన కవులు మల్కిభరాముడని పిలుచుకొన్న ప్రభువు, ఉన్నాడు. 1604లో కెప్లరు చూసిన నక్షత్రం నాటికి చార్మినారు కట్టి పదమూడేళ్లయింది. ఇలా తారీఖులు కలుపుకొంటూ పోతే విశ్వచరిత్రకూ మన చరిత్రకూ ఉన్న దూరం కొంత తగ్గినట్లనిపిస్తుంది. అయితే ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది ఈ వినోదం కాదు. ఆ శిథిలాలలో పరమాణు కణాలు ఏ విధంగా వేగం పుంజుకొంటాయన్న ప్రశ్నకూ, మన హైదరాబాదుకూ నిజంగానే ఒక సంబంధం ఉన్నది. దానిని తెలుగులో ఒకచోట వ్రాసిపెట్టాలని ఈ ప్రయత్నం.

మేముండే కూకట్‌పల్లి వీధిలో ఇంటికొకరు సాఫ్టువేరు ఉద్యోగి. సైన్సు చదివినవారే. హైదరాబాదు సైన్సు చరిత్ర అంటే వారికి 1998లో సైబర్ టవర్స్ ప్రారంభంతో మొదలవుతుంది. వారిని తప్పు పట్టను. చెప్పినవారు లేకపోతే తెలిసేదెట్లా? తెలుగు పండితుడనైన నాకు భౌతికశాస్త్రం పరభాష వంటిది. కాని పరభాషను నిఘంటువు దగ్గర పెట్టుకొని చదువుకొన్నట్లు దీనినీ చదువుకోవచ్చునని పదవీ విరమణ తరువాత తెలిసింది.

ముందు ప్రశ్న ఏమిటో చూద్దాం. 1912లో విక్టర్ హెస్ అనే ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు బెలూనులో కూర్చుని అయిదు కిలోమీటర్లకు పైగా ఎగిరి, పైకి పోయేకొద్దీ ఒక విధమైన వికిరణం పెరుగుతున్నదని కనిపెట్టాడు. అది భూమి నుంచి పుట్టినది కాదు, ఆకాశం నుంచి కురుస్తున్నది. అవే విశ్వకిరణాలు. పేరుకు కిరణాలే గాని అవి కణాలు: అధికభాగం ప్రోటాన్లు, నూటికి ఒకటి పాళ్లలో ఎలక్ట్రాన్లు. వాటి శక్తి మనం భూమి మీద యంత్రాలతో ఇవ్వగలిగిన దానిని మించిపోతుంది. ఇంత శక్తి వాటికి ఎవరు ఇచ్చారు? 1934లో బాడే, జ్వికీ అనే ఇద్దరు, పేలే నక్షత్రాలే ఇచ్చి ఉంటాయని ఊహించారు. ఊహ గంభీరమైనదే. ఆధారం కావాలి కదా!

ఆధారం దొరకడానికి అడ్డు ఏమిటంటే, విశ్వకిరణాలు విద్యుదావేశం కలవి. గెలాక్సీలోని అయస్కాంత క్షేత్రాలలో చిక్కి దారి తప్పి, అన్ని దిక్కుల నుంచీ సమానంగా వచ్చి పడతాయి. ఏ ఊరి నుంచి బయలుదేరాయో వాటి ముఖం చూసి చెప్పలేము. కాంతి అలా కాదు. వచ్చిన దిక్కును చూపుతుంది. కనుక కణాలు పుట్టినచోటనే అవి వెలువరించే కాంతిని పట్టుకోవాలి. ఇక్కడనే ఎలక్ట్రాను ఉపకారి అయింది.

అయస్కాంత క్షేత్రంలో పడ్డ ఎలక్ట్రాను గానుగెద్దులాగా బలరేఖ చుట్టూ తిరుగుతుంది. ఇంచుమించు కాంతివేగంతో తిరిగేటప్పుడు, మలుపు తిరిగిన ప్రతిచోటా కొంత శక్తిని కాంతిగా చిందిస్తుంది. 1947లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో సింక్రోట్రాన్ అనే యంత్రంలో ఈ కాంతి మొదట కంటబడినందున దానికి సింక్రోట్రాన్ కాంతి అని పేరు వచ్చింది. పీత నీహారిక వెలుగు కూడ ఇటువంటిదేనని 1953లో రష్యా శాస్త్రజ్ఞుడు ష్క్లోవ్‌స్కీ ప్రతిపాదించాడు. అదే నిజమైతే ఆ కాంతి ధ్రువితమై, అనగా దాని కంపనాలు ఒక నియత దిశలో ఉండి, తీరాలి. మరుసటి ఏడాదే సోవియట్ పరిశీలకులు ఆ ధ్రువణాన్ని కొలిచి చూపారు. నన్నయ కాలపు నక్షత్రం ఆ విధంగా మొదటి సాక్ష్యం ఇచ్చింది.

ప్రోటాను ఇటువంటి సాక్ష్యం సులభంగా ఇవ్వదు. ఎలక్ట్రాను కంటె అది 1,836 రెట్లు బరువు. బరువైన కణం ఇలా కాంతిని చిందించడం అత్యల్పం. కాబట్టి ఎలక్ట్రాన్ల కాంతిని చూసి, అవి వేగం పుంజుకొన్నచోటనే ప్రోటాన్లూ వేగం పుంజుకొని ఉంటాయని అనుకోవలసి వచ్చింది. తర్కశాస్త్రంలో కొండ మీద పొగను చూసి నిప్పును ఊహించడం వంటిది ఇది. అనుమాన ప్రమాణం మంచిదే. కాని ప్రత్యక్షంతో సమానం కాదు. ఈ లోటు 2013 దాకా తీరలేదు. ఆ సంగతి చివర చెబుతాను.

కణాలు వేగం పుంజుకొనే విధానాన్ని గురించి 1949లో ఎన్రికో ఫెర్మీ ఒక ఆలోచన చెప్పాడు. దానిని సంస్కరించి 1977, 78 సంవత్సరాలలో క్రిమ్‌స్కీ, యాక్స్‌ఫర్డ్ బృందం, బెల్, బ్లాండ్‌ఫర్డ్-ఆస్ట్రైకర్ జంట, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా, ఒకే సిద్ధాంతానికి వచ్చారు. పేలిన నక్షత్రం నుంచి సెకనుకు కొన్ని వేల కిలోమీటర్ల వేగంతో ఒక ఆఘాత తరంగం బయటికి దూసుకుపోతుంది. ఆ తరంగపు అంచును ఒక కణం అటు దాటి, అయస్కాంతపు చిక్కుముడులలో తగిలి వెనక్కు వచ్చి, మళ్లీ ఇటు దాటుతుంది. దాటిన ప్రతిసారీ కొద్దిగా శక్తి పెరుగుతుంది. ఉయ్యాలను ఒక్కసారి బలంగా తోయడం కాదిది. చిన్న చిన్న ఊపులు వేలకొలది ఇచ్చి ఎత్తుకు లేపడం.

ఇక హైదరాబాదు. విశ్వకిరణాల పరిశోధన మన దేశంలో హోమీ భాభాతో ఊపందుకొంది. 1937లో ఆయన, హైట్లర్ అనే సహచరునితో కలిసి, అధిక శక్తి గల ఎలక్ట్రాను పదార్థంలో ప్రవేశిస్తే ఏమవుతుందో లెక్కగట్టాడు. ఎలక్ట్రాను ఒక కాంతి కణాన్ని పుట్టిస్తుంది, అది ఒక ఎలక్ట్రాను-పాజిట్రాను జంటను పుట్టిస్తుంది, ఆ జంట మళ్లీ కాంతి కణాలను పుట్టిస్తుంది. ఇలా వంశవృక్షంలాగా ఒక జల్లు ఏర్పడుతుంది. ఎలక్ట్రానును ఇతర కణాల నుంచి వేరుపరచి గుర్తించడానికి ఈ జల్లే గుర్తు. భాభా 1945లో టాటా మౌలిక పరిశోధన సంస్థను స్థాపించాడు. పరికరాలను వాతావరణం పైకి మోసుకుపోయే పెద్ద ప్లాస్టిక్ బెలూనులను తయారుచేయడం 1950లలో ఆ సంస్థ స్వయంగా నేర్చుకొంది. ఆ దశాబ్దపు చివరి నుంచి ప్రయోగాలకు హైదరాబాదు ముఖ్య కేంద్రమైంది. తొలినాళ్లలో ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం ఆశ్రయమిచ్చింది. తరువాత నగరానికి ఈశాన్యాన, ఇ.సి.ఐ.ఎల్. దగ్గర శాశ్వత కేంద్రం వెలసింది.

హైదరాబాదే ఎందుకు? సంస్థ ఉన్నది బొంబాయిలో కదా అని అడగవచ్చు. బొంబాయికి పక్కనే సముద్రం. పరికరం దిగితే నీటిలో పడే ప్రమాదం. హైదరాబాదు దక్కను నడిబొడ్డున ఉన్నది. గాలి ఎటు తోలినా వందల కిలోమీటర్ల దాకా నేలే. ఇంతకంటె బలమైన కారణం భూమి అయస్కాంతత్వం. హైదరాబాదు భౌగోళిక అక్షాంశం పదిహేడున్నర డిగ్రీలయినా, అయస్కాంత భూమధ్యరేఖ మనకు దక్షిణాన భారతదేశపు కొసను తాకుతూ పోతున్నందున, ఆ లెక్కలో మనం మరింత చేరువ. భూ అయస్కాంత క్షేత్రం ఇక్కడ ఎత్తైన కోటగోడ వంటిది. సుమారు 1,600, 1,700 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల కంటె తక్కువ శక్తి గల కణాలను వెనక్కు తోలివేస్తుంది. ధ్రువప్రాంతాలలో ఈ గోడ లేదు, అన్ని కణాలూ లోపలికి వస్తాయి. బలవంతులను మాత్రమే ఏరుకోవాలనుకొనేవారికి గోడ ఉన్న ఊరే మేలు. రద్దీ తక్కువ, వచ్చినవాడు ఘనుడు.

విశ్వకిరణాలలో ఎలక్ట్రాన్లు ఉన్నాయని 1961లో అమెరికాలో జేమ్స్ ఎర్ల్, వేరుగా మేయర్, వోగ్ట్ మొదటిసారి కనుగొన్నారు. అవి తక్కువ శక్తి గలవి. నాలుగేళ్ల తరువాత, 1965లో, టాటా సంస్థకు చెందిన ఆర్.ఆర్. డేనియల్, ఎస్.ఎ. స్టీఫెన్స్ హైదరాబాదు మీద ఎగిరిన ఎమల్షన్ పలకలలో 1,500 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులకు పైబడిన ఎలక్ట్రాన్లను గుర్తించి ప్రకటించారు. 1968లో, కె.సి. ఆనంద్ కూడ కలిసి, 5,000 కోట్లకు పైనున్న వాటి సంగతి వెలువరించారు. ఎమల్షన్ పలక అంటే దళసరి ఫొటోగ్రాఫు పలక వంటిది. కణం దూసుకుపోయిన దారి వెంట నల్లని చుక్కలు ఏర్పడతాయి. వాటిని సూక్ష్మదర్శిని కింద పెట్టి అంగుళం అంగుళం వెదికి, భాభా చెప్పిన జల్లు ఎక్కడ మొదలైందో పట్టుకోవాలి. తాళపత్ర ప్రతి పరిష్కరించినవారికి ఈ శ్రమ అర్థమవుతుంది.

ఈ ఎలక్ట్రాన్లకు ఒక విశేషం ఉన్నది. శక్తి ఎంత ఎక్కువైతే అంత త్వరగా దాన్ని కాంతిగా ఖర్చుపెట్టుకొంటాయి. కాబట్టి పదివేల కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల స్థాయిలో మన దాకా చేరినవి, గెలాక్సీ కాలమానంలో, ఇటీవల పుట్టినవే అయివుండాలి. మహా అయితే ఇరవై ముప్పై లక్షల సంవత్సరాలు. ప్రోటాన్ల వలె అవి చిరకాలం తిరుగాడలేవు. అంటే అవి మన ఇరుగుపొరుగు నుంచి వచ్చిన తాజా ఉత్తరాలు.

హైదరాబాదు బెలూను ఇంకొక దారి కూడ పట్టింది. 1960ల చివర ఎక్స్-కిరణాల ఖగోళశాస్త్రం, ఆ తరువాత పరారుణ ఖగోళశాస్త్రం ఇక్కడి నుంచి ఎగిరాయి. 'పరారుణం' అన్న మాట చక్కని సమాసం. పర, అరుణ అనే రెండు పదాలు సవర్ణదీర్ఘ సంధితో కలిసి, ఎరుపుకు ఆవలిది అని అర్థమిస్తున్నాయి. 1800లో విలియం హెర్షెల్ సూర్యకాంతిని పట్టకంతో విడదీసి, ఎరుపు దాటిన చీకటిలో ఉష్ణమాపకం పెడితే వేడి పెరగడం చూశాడు. కంటికి కనబడని ఆ కాంతికి తెలుగు చేసినవారెవరో గాని వారికి నమస్కారం.

ఆకాశం నుంచి వచ్చే పరారుణంలో చాలా భాగాన్ని మన వాతావరణంలోని నీటి ఆవిరి మింగివేస్తుంది. అందులోనూ దీర్ఘతరంగాల భాగం నేలకు చేరనే చేరదు. ముప్పై కిలోమీటర్ల ఎత్తుకు పోతే వాతావరణంలో నూటికి తొంభైతొమ్మిది పాళ్లు కిందనే ఉండిపోతుంది. టాటా సంస్థవారు ఒక మీటరు వ్యాసం గల దర్పణంతో దూరదర్శినిని నిర్మించి బెలూనుకు వేలాడదీశారు. 1980ల నుంచి అది హైదరాబాదు మీద ఎగిరింది. దానిలోని గ్రాహకాలను ద్రవ హీలియంతో పరమశూన్యానికి మూడో వంతు డిగ్రీ దాకా చల్లబరచేవారు. గ్రాహకం తానే వెచ్చగా ఉంటే తన వేడిలో ఆకాశపు వేడి కనబడదు గదా! ఎస్.ఎన్. టండన్, టి.ఎన్. రెంగరాజన్, ఆర్.పి. వర్మ, ఎస్.కె. ఘోష్ ఆ కృషిలో ముఖ్యులు. 1999లో ఆ దూరదర్శినికి జపాను వర్ణపటమాపకం తోడైంది. అయనీకృత కార్బను వెలువరించే 158 మైక్రాన్ల తరంగాన్ని అది వెదికింది. నగరానికి పడమట సైబర్ టవర్స్ తెరిచిన మరుసటి ఏడాది తూర్పున జరిగిన పని ఇది. ఒకటి అందరికీ తెలిసింది, రెండవది కొందరికే.

ఇక్కడ ఒక భేదం స్పష్టం చేయాలి. హైదరాబాదు పరారుణ దూరదర్శిని చూసినవి నక్షత్రాలు పుట్టే మేఘాలు, వాటిలోని చల్లని ధూళి. నక్షత్రాలు చచ్చినచోట ఎలక్ట్రాన్లను అది వెదకలేదు. ఎలక్ట్రాన్ల దారి వేరు, పరారుణపు దారి వేరు. ఒకే నేల నుంచి ఎగిరినా ఆకాశంలో అవి కలుసుకోలేదు. కలుసుకొన్నది వేరొక చోట, 2003లో, తానాషా కాలపు నక్షత్రం దగ్గర.

కాసియోపియా-ఎ లోని అయస్కాంత క్షేత్రం భూ అయస్కాంతం కంటె సుమారు వేయి రెట్లు బలహీనం. నక్షత్రాల నడిమి శూన్యంతో పోలిస్తే మాత్రం వంద రెట్లు బలమైనది. అటువంటి క్షేత్రంలో ఏ ఎలక్ట్రాను ఏ కాంతి ఇస్తుందో లెక్క తెలిసిందే. వంద కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల ఎలక్ట్రాను రేడియో తరంగాలనిస్తుంది. దాని శక్తి ముప్పై వేల ఏళ్లకు గాని తరగదు. లక్షల కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులది ఎక్స్-కిరణాలనిస్తుంది. కొద్ది సంవత్సరాలలోనే దివాలా తీస్తుంది. 1995లో ఆస్కా అనే జపాను ఉపగ్రహం 1006 నాటి పేలుడు అవశేషంలోనూ, 1999 నుంచి మన చంద్రశేఖర్ పేరు పెట్టుకొన్న చంద్రా దూరదర్శిని కాసియోపియా-ఎ లోనూ ఇటువంటి ఎక్స్-కిరణాలను చూశాయి. రేడియోలో తాతలు కనబడుతున్నారు, ఎక్స్-కిరణాలలో పసిపిల్లలు కనబడుతున్నారు. నడిమి తరం ఏది? వంద, నూట యాభై గిగా ఎలక్ట్రాన్ వోల్టుల ఎలక్ట్రాన్లు, అంటే పదివేల, పదిహేను వేల కోట్లవి, రెండు మైక్రాన్ల పరారుణాన్ని ఇవ్వాలి. వాటి ఆయుర్దాయం సుమారు రెండు మూడు వందల ఏళ్లు. అది ఇంచుమించు ఆ అవశేషపు వయస్సే! తానాషా నాటి నుంచి నేటి వరకు జరిగిన కథ అంతా చూసిన తరం అదే. అందుచేత దాని సాక్ష్యం అమూల్యం.

చిక్కల్లా, పరారుణంలో వెలిగేది ఎలక్ట్రాను ఒక్కటే కాదు. వేడెక్కిన ధూళి వెలుగుతుంది, వాయువుల రేఖలు వెలుగుతాయి, వెనుకా ముందూ ఉన్న తారలు వెలుగుతాయి. ఏది ఎవరి వెలుగో విడదీయడం ఎట్లా? దీర్ఘ పరారుణంలో ఈ చిక్కు ఎంతటిదంటే, 2003లో ఒక బృందం కాసియోపియా-ఎ లో రెండు నుంచి నాలుగు సూర్యుల బరువు గల చల్లని ధూళి ఉన్నదని ప్రకటించగా, 2004లో మరొక బృందం అందులో అధికభాగం దారిలో అడ్డుగా ఉన్న వేరే మేఘానిదని వాదించింది.

2.2 మైక్రాన్ల హ్రస్వ పరారుణంలో మాత్రం దారి దొరికింది. ఆ 2003లోనే రెండు బృందాలు వేరువేరుగా దీనిని సాధించాయి. జోంగ్‌హీ రో బృందం పాలోమార్ కొండ మీది అయిదు మీటర్ల దూరదర్శినితో తీసిన చిత్రంలో, మసకగా పరుచుకొన్న వెలుగు అచ్చంగా రేడియో చిత్రాన్ని పోలివుండటం గమనించింది. టెరీ జోన్స్, లారెన్స్ రడ్నిక్ ప్రభృతులు ఇంకొక అడుగు వేసి, ఆ పరారుణ కాంతి ధ్రువణాన్ని కొలిచారు. 2.2 మైక్రాన్ల దగ్గర ధ్రువణం ఎంత ఉన్నదో, 6 సెంటీమీటర్ల రేడియో తరంగం దగ్గర కూడ అంతే ఉన్నది. దిశ కూడ అదే. ధూళికైనా వాయువుకైనా ఈ పొందిక రాదు. రెండు తరంగాలకూ ఉన్న అంతరం ఇరవై ఏడు వేల రెట్లు. అయినా ఒకే అయస్కాంత క్షేత్రంలో, ఒకే కణసమూహం ఇచ్చిన కాంతి అని తేలింది. నూట యాభై గిగా ఎలక్ట్రాన్ వోల్టుల దాకా ఎలక్ట్రాన్లను పరారుణంతో వెంబడించవచ్చునని వారు నిర్ణయించారు. ష్క్లోవ్‌స్కీ కాలంలో పీత నీహారికను పట్టించిన ధ్రువణమే యాభై ఏళ్ల తరువాత దీనినీ పట్టించింది.

పరారుణాన్ని రేడియోతో పోల్చినందువల్ల ఇంకొక లాభం ఉన్నది. అవశేషంలో ఒక్కొక్క చోట రెండింటి నిష్పత్తి చూస్తే, అక్కడ ఎలక్ట్రాన్లకు వేగం ఇంకా అందుతున్నదా, లేక పాత శక్తిని ఖర్చుపెట్టుకొంటూ కూర్చున్నాయా అన్నది తెలుస్తుంది. ఒక ఇంట్లో రాబడి ఉన్నదా, తాతల ఆస్తి కరిగిస్తున్నారా అన్నది జమాఖర్చుల పుస్తకం చూసి చెప్పినట్లు.

ఇప్పుడు హైదరాబాదు లెక్క ఒకసారి జ్ఞాపకం చేసుకోండి. 1965, 68 సంవత్సరాలలో మన నెత్తిన ముప్పై కిలోమీటర్ల పైన పలకలలో చిక్కిన ఎలక్ట్రాన్ల శక్తి పదిహేను నుంచి వంద గిగా ఎలక్ట్రాన్ వోల్టుల ప్రాంతం. 2003లో 11,000 కాంతి సంవత్సరాల దూరాన పరారుణంలో వెలుగుతూ కనబడ్డవీ ఆ కోవకు చెందినవే. ఒకచోట కణం దొరికింది, పుట్టిన ఊరు తెలియలేదు. ఇంకొకచోట ఊరు కనబడింది, కణం చేతికి రాలేదు. రెండు సగాలూ కలిపితే గాని పద్యం పూర్తి కాదు. మన బెలూనుకు చిక్కిన ఎలక్ట్రాను కాసియోపియా నుంచి వచ్చిందని నేను అనడం లేదు. తానాషా నాటి కాంతియే నిన్న మొన్న చేరింది. దారి తప్పుతూ వచ్చే కణాలు ఎలా చేరతాయి? అవి అంతకంటె ఎంతో పాతవైన, చేరువలోని పేలుళ్ల నుంచి వచ్చినవి. జాతి ఒకటి, ఊరు వేరు.

తరువాతి కథ క్లుప్తంగా. 2013లో ఫెర్మీ ఉపగ్రహం ఐసి 443, డబ్ల్యు 44 అనే రెండు అవశేషాలలో, ప్రోటాన్లు వాయువును ఢీకొన్నప్పుడు మాత్రమే పుట్టే గామా కిరణాల గుర్తును పట్టుకొంది. పొగను చూసి ఊహించిన నిప్పు అలా కనబడింది. 2021 డిసెంబరులో ఎగిరిన జేమ్స్ వెబ్ అంతరిక్ష దూరదర్శిని 2023లో కాసియోపియా-ఎ, పీత నీహారికల పరారుణ చిత్రాలను పంపింది. వాటిలో తెల్లని పొగలాగా కనబడేది ఎలక్ట్రాన్ల సింక్రోట్రాన్ కాంతి. ఒకనాడు ధ్రువణం కొలిచి వాదించి నిలబెట్టిన విషయాన్ని ఈనాడు బడిపిల్లలు బొమ్మగా చూస్తున్నారు. శాస్త్రంలో ఇది జరిగేదే. నేటి పెద్ద సందేహం రేపటి పాఠ్యపుస్తకంలో పటం అవుతుంది.

హైదరాబాదు బెలూను కేంద్రానికి వేరే ఫలాలూ ఉన్నాయి. 2005 ఏప్రిల్‌లో ఎగిరిన బెలూను తెచ్చిన గాలి నమూనాలలో మూడు కొత్త జాతుల సూక్ష్మజీవులు దొరికినట్లు 2009లో ప్రకటించారు. వాటిలో ఒకదానికి ఆర్యభట్టు పేరు పెట్టారు. హబ్సిగూడలోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులకు ఆ పరిశోధనలో భాగం ఉన్నది. 2022 డిసెంబరులో వికారాబాదు జిల్లా పొలాలలో ఒక వింత పెట్టె దిగితే, గ్రహాంతరవాసుల వాహనమని ఊరూవాడా కదిలివచ్చింది. అది విదేశీ సంస్థ ఒకటి ఈ కేంద్రం నుంచే బెలూనుతో ప్రయోగాత్మకంగా పంపిన ఖాళీ గది.

ఈ చివరి ఉదంతం విని చాలామంది నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆరు దశాబ్దాలుగా ఈ పరికరాలు తెలంగాణలో, కర్ణాటకలో, మహారాష్ట్రలో రైతుల చేలలోనే దిగుతున్నాయి. ఆకాశం నుంచి పారాషూటుతో దిగిన పెట్టెను విప్పవద్దు, పోలీసులకో, పెట్టె మీది చిరునామాకో తెలియజేయండి, తగిన బహుమానం ఇస్తామని ప్రతి ప్రయోగ కాలంలోనూ పత్రికలలో ప్రకటన వస్తుంది. ఎమల్షన్ పలకను వెనక్కు తెచ్చుకొంటేనే దానిలోని రాత చదవగలం. ముప్పై కిలోమీటర్ల ఎత్తున చేసిన ప్రయోగానికి ఆఖరి మెట్టు ఒక జొన్నచేను. దానిని విప్పకుండా కాపలా కాసి అప్పగించిన పల్లెవాసుల పేర్లు ఏ పరిశోధన పత్రంలోనూ ఉండవు. వారు కూడ హైదరాబాదు సైన్సు చరిత్రలో పాత్రధారులే. ఇంత చరిత్ర వారి చేల మీదుగా నడిస్తే, వారి భాషలో దానిని చెప్పినవారు ఎందరు? గ్రహాంతరవాసులని వారు భ్రమపడితే తప్పు వారిది కాదు. తెలుగు చదువుకొని, తెలుగులో వ్రాయగలిగి ఉండి కూడ చెప్పనివారిది.

నిజామియా వేధశాల సంగతి మనవాళ్లు కొంత వ్రాశారు. 1901లో నవాబు జఫర్ జంగ్ స్థాపించడం, తరువాత బేగంపేటకు తరలడం, అంతర్జాతీయ నక్షత్ర పటానికి 7,63,542 తారల స్థానాలు కొలిచి ఇవ్వడం, ఇవి అక్కడక్కడ కనబడతాయి. బెలూనుల కథ అంతకంటె దగ్గరిది, అంతకంటె తక్కువ వ్రాయబడినది. ఆ కేంద్రంలో పనిచేసినవారు, పెట్టెలు వెదకడానికి లారీలలో పల్లెలు తిరిగినవారు మన నగరంలోనే ఉన్నారు. మిత్రులలో ఎవరికైనా వారితో పరిచయం ఉంటే అడిగి, విని, తెలుగులో వ్రాసి పెట్టవలసిందిగా నా మనవి. ఎలక్ట్రాన్ల వలె జ్ఞాపకాలకు కూడ ఆయుర్దాయం ఉన్నది. వెలుగుతున్నప్పుడే నమోదు చేసుకోవాలి.

కార్తీకమాసంలో రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటల వేళ డాబా ఎక్కి ఉత్తరం వైపు చూడండి. కూకట్‌పల్లి దీపాల వెలుగులో కూడ శర్మిష్ఠ అయిదు తారలూ వంకర గీతలాగా కనబడతాయి. ఆ గీతకు పక్కనే, కంటికి ఏమీ లేనట్లు తోచే చోట, తానాషా నాటి నక్షత్రం తన ఎలక్ట్రాన్లను ఇంకా తిప్పుతూనే ఉన్నది.

స్వస్తి.